గోదాములో మూడో అంకం

పోయిన ఆదివారం తాడేపల్లిలో మా ఫ్లాటుకి ఇద్దరు పిల్లలు వచ్చారు. పిల్లలంటే పాతికేళ్ల వాళ్లే, నా వయసుకి పిల్లలు. అమ్మాయి పేరు హారిక, అబ్బాయి ఫణి. గుంటూరులో ఓ చిన్న నాటక బృందం పెట్టుకున్నారట. వచ్చే సీజనులో నెలకొకటి చొప్పున ఆరు నాటకాలు వేస్తారట, ఆరింటికీ కలిపి ఒకటే పాసట. నన్నొక పాసు తీసుకోమనీ, వీలైతే వాళ్ల కరపత్రానికి నాలుగు మాటలు రాసిమ్మనీ అడగడానికి వచ్చారు. నాటకాలవాళ్ల ఇంట్లో పుట్టినదాన్నని ఎవరో చెప్పారట. పాసు ఏదమ్మా అంటే హారిక ఫోను తీసి నల్లటి గళ్ల చదరం ఒకటి చూపించి, "ఇదేనండి పాసు. గేటు దగ్గర ఇది చూపిస్తే సరిపోద్ది" అంది. సీటు నంబరు కూడా అందులోనే ఉంటుందట. హాలు ఏసీ అట, కుర్చీ వెనక్కి వాలుతుందట. వాలే కుర్చీలో కూర్చోబెడితే నాబోటిది మొదటి అంకానికే గురక పెడుతుందని చెప్పాను గాని వాళ్లు నవ్వేసి ఊరుకున్నారు. "మీ రోజుల్లో పాసులెలా ఉండేవండి?" అని ఫణి మర్యాదకి అడిగాడు. "మా పాసుల మీద కూర్చునేవాళ్లు నాయనా" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడకి మతి కాస్త అటూ ఇటూ అయిందనుకున్నారేమో. ఆ రోజు వాళ్లకి సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు చిలకలూరిపేట నుంచి నరసరావుపేట వెళ్లే దారిలో ఉంటుంది. మాది ఉమ్మడి ఇల్లు. మా పెదనాన్న శేషయ్యకి ఊరి చివర మిర్చి గోదాము ఉండేది. మాఘంలో కాయ రావడం మొదలైతే గోతాల మీద గోతాలు రేకుల దాకా పేరుస్తూ పోయేవాళ్లు. దసరా వెళ్లేసరికి సరుకంతా అమ్ముడుపోయి గోదాము ఖాళీ అయ్యేది. మళ్లీ కొత్త పంట వచ్చేదాకా అందులో ఎలుకలు తప్ప ఎవరూ ఉండరు. వేరేవాళ్లయితే తాళం వేసుకుని హాయిగా నిద్రపోతారు. మా పెదనాన్న నాటకాలు పెట్టాడు. ఆ సమాజానికి ఆయన పెట్టిన పేరు బోర్డు మీద రెండు వరుసలు పట్టేది. ఊరు మాత్రం 'గోదాము కంపెనీ' అని తేల్చేసింది. కార్తీకంలో మొదలుపెట్టి పదిహేను రోజులకొకటి చొప్పున ఐదు నాటకాలు, ఆదివారం సాయంత్రం నాలుగింటికి, పైనున్న కిటికీల్లోంచి వెలుగు పడుతుండగానే వేసేవాళ్లు. ఐదూ పెదనాన్నే రాసేవాడు. ఐదింట్లోనూ ఆయనే నాయకుడు. ఐదింటి మూడో అంకంలోనూ ఆయనే చచ్చిపోయేవాడు. ఒకదాంట్లో జబ్బుతో, ఒకదాంట్లో దిగులుతో, ఒకదాంట్లో ఎందుకో మాకెవరికీ తెలియకుండా.

గోదాములో కుర్చీలెక్కడివి. అందుకని గుమాస్తా బాజీ ఒక ఏర్పాటు చేశాడు. మిర్చి బస్తాల మీద వ్యాపారి గుర్తు వేసే రేకు అచ్చు ఉంటుంది కదా, దానితోనే ఖాళీ గోతాల మీద నల్లరంగుతో అంకెలు వేసి, సీజను మొదట్లో కుటుంబానికొక గోతం చొప్పున ఇచ్చేవాడు. అదే పాసు. ఆదివారం సాయంత్రం ఆ గోతాన్ని చంకలో పెట్టుకుని రావాలి, గుమ్మం దగ్గర బాజీకి అంకె చూపించాలి, లోపలికెళ్లి పరుచుకుని కూర్చోవాలి. ఐదో నాటకం అయిపోయాక గోతం వాళ్లదే. వడియాలు ఎండబెట్టుకున్నా సరే, దూడ మీద కప్పినా సరే. చంకలో గోతంతో ఎవరైనా ఎదురొస్తే పొలానికా, నాటకానికా అని అడగడం మా ఊళ్లో మామూలు. ఇస్త్రీ చొక్కా ఉంటే నాటకానికని అర్థం.

ఇక మా కంపెనీ పేరు చుట్టుపక్కల మోగిపోవడానికి కారణం ఏడుపు. మూడో అంకంలో గోదాము గోదామంతా ఏడ్చేది. ఆడవాళ్లు కొంగులు తడుపుకునేవాళ్లు, మీసాలున్న మగవాళ్లు ముక్కులు చీదేవాళ్లు. పెదనాన్న నేల మీద ఒరిగి ఆఖరి మాటకి ముందు ఒక పెద్ద విరామం ఇచ్చేవాడు, ఆ ఏడుపంతా వినడానికి. అసలు సంగతేమిటంటే, మొదటి రెండు అంకాలూ జనం కదలకుండా కూర్చుంటారు కాబట్టి ఏమీ ఉండేది కాదు. ఇంటర్వెల్లో అందరూ లేచి, సోడాలు తాగొచ్చి, మళ్లీ కూర్చునే ముందు గోతాన్ని రెండు దులుపులు దులిపి పరుచుకునేవాళ్లు. మిర్చి మోసిన గోతాలు అవి. అరవై గోతాలు ఒక్కసారి దులిపితే ఏమవుతుందో వేరే చెప్పాలా. సరిగ్గా ఆ ఘాటు లేచేసరికి గంట కొట్టి మూడో అంకం మొదలుపెట్టేవాళ్లు. స్టేజీ వెనక షట్టరు తెరిచి ఉండేది కాబట్టి గాలికి ఆ ఘాటు వేషాలవాళ్ల దాకా వచ్చేది కాదు. వచ్చినా పెదనాన్నకి తెలిసేది కాదు. ముప్పై ఏళ్లు మిర్చిలో ఉన్న ముక్కు ఆయనది, ఎప్పుడో పనిచెయ్యడం మానేసింది. కాయ నాణ్యం కంటితో చూసి, వేళ్లతో నలిపి చెప్పేవాడేగాని వాసన చూసి కాదు. ఏడుపంతా గోతాల ఘాటుదేనన్న సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనిది ఆయనొక్కడికే.

ఒంటి తుమ్ము అపశకునమని మా వాళ్లకి పట్టింపు ఎక్కువ. రెండు తుమ్మితే దోషం పోతుందంటారు. మా గోదాములో తుమ్ములు లెక్కకి అందేవి కావు గనక శాస్త్రం మా జోలికి రాలేదు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు, కంపెనీకి పదేళ్లు. బస్సులో నరసరావుపేట వెళ్లి బి.ఏ. చదువుతున్నాను. పెదనాన్న చేతిరాత పెదనాన్నకే అర్థమయ్యేది కాదు, అందుకని నాటకాలన్నీ నేనే సాపు రాసేదాన్ని. రాసినదానికే మాటలన్నీ వచ్చు కదా అని పక్కతెర చాటున ప్రాంప్టింగుకి కూడా నన్నే నిలబెట్టేవాళ్లు. నాటకం ఉన్న ఆదివారం మా ఇంట్లో వంట చూడాల్సిందే. ఆ రోజు తాలింపు వెయ్యకూడదు. పొగకి తన గొంతు పట్టేస్తుందని పెదనాన్న శాసనం. "వాసనే తెలియని మనిషికి పొగేం చేస్తుందో" అని రాజ్యం పెద్దమ్మ సణుగుతూనే చప్పటి పప్పు వండేది. ఆయన మాత్రం వంటింటి ఛాయలకి రాకుండా, బుగ్గన లవంగం పెట్టుకుని, వసారాలో అద్దం ముందు కూర్చుని చావడం సాధన చేసుకునేవాడు. పక్కనే కొబ్బరినూనె గిన్నె, కాటుక భరిణె, మీసం అంటించే బంక. ఆ మూడు వాసనలూ కలిసి వస్తే ఇప్పటికీ నాకు ఆకలి వేస్తుంది, చప్పటి పప్పు గుర్తొచ్చి ఆ ఆకలి పోతుంది. పెద్దమ్మ అన్ని పనులూ ముగించుకుని, తలుపు దగ్గర నిలబడి ఆయన్ని కాసేపు చూసేది. "మీ చావు బాగానే ఉంది గాని, అన్నానికి లేవండి" అనేది.

ఆ ఏడు ధర లేక సరుకు కదల్లేదు. కార్తీకం వచ్చినా గోదాము నిండుగానే ఉంది. అప్పటికే గోతాలు ఇంటింటికీ పంచేశాం. ఇచ్చిన మాట పోకూడదని పెదనాన్న చిలకలూరిపేట రోడ్డులో కొత్తగా కట్టిన కల్యాణమండపం మాట్లాడాడు. ఇనుప కుర్చీలు, పైన ఫ్యాన్లు, కడిగితే మెరిసే నేల. అందులో మొదటి నాటకం 'నిప్పులేని పొయ్యి'. కొడుకులు పట్టించుకోని తండ్రి కథ, పెదనాన్నకి ప్రాణంతో సమానమైన నాటకం. జనం అలవాటు కొద్దీ గోతాలు తెచ్చారు. తేకపోతే బాజీ లోపలికి రానివ్వడు మరి. నేల మీద పరవడానికి వీల్లేదని మండపం మేనేజరు అన్నాడు. దాంతో అందరూ కుర్చీల్లో బిర్రబిగుసుకుని, గోతాలు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ముందు వరసలో టైలరు కోటేశ్వరరావు ఉన్నాడు. మా కంపెనీకి అందరికన్నా గట్టి ఏడుపు ఆయనదీ, ఆయన భార్యదీను. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు ఇద్దరూ జేబు రుమాళ్లుగా తెచ్చుకునేవాళ్లు. శ్రావణంలో ఆమె జ్వరంతో పోయింది. ఆ రోజు ఆయనొక్కడే వచ్చి, పక్క కుర్చీలో ఎవరూ కూర్చోకుండా గోతం పెట్టుకున్నాడు.

మూడో అంకం వచ్చింది. ఇంటర్వెల్లో గోతాలు దులిపే పని పడలేదు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పెదనాన్న ఒరిగాడు. చెయ్యెత్తాడు. విరామం ఇచ్చాడు. ఏడుపు రాలేదు. ఎవరో కుర్చీ కిర్రుమనిపించారు, ఒక పిల్ల సోడా కావాలని అడిగింది. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు. ఏడుపు వినిపించకుండా ఆఖరి మాట చెప్పిన అలవాటు ఆయనకి లేదు. నేను పక్కతెర చాటునుంచి చూసి, మాట మర్చిపోయాడనుకున్నాను. మెల్లగా అందించాను. కదల్లేదు. గట్టిగా అందించాను. ఆ మండపంలో గొంతు ఖంగుమంటుందని నాకేం తెలుసు. "నేను పోతున్నానర్రా" అన్న నా మాట వెనక వరస దాకా వినిపించింది. ముందు కోటేశ్వరరావే నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. పెదనాన్న పడుకునే నా వైపు ఒక చూపు చూసి, ఆఖరి మాట చెప్పకుండానే కళ్లు మూసుకున్నాడు. తెర పడ్డాక లేచి జనానికి దణ్ణం పెట్టడం ఆయనకి రివాజు. ఆ రోజు పెట్టలేదు.

మర్నాటి నుంచి మా ఇంట్లో మెడకి మఫ్లరు, ఉప్పునీళ్ల పుక్కిలింతలు, పూటకో మిరియాల కషాయం. తన గొంతు పోయిందని పెదనాన్న నిర్ణయించుకున్నాడు. చిలకలూరిపేట వెళ్లి డాక్టరుకి చూపించుకున్నాడు. గొంతు గంటలా ఉందని డాక్టరంటే, ఆయనకి నాటకాల గురించి ఏం తెలుసన్నాడు. వారం తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. వసారాలో అద్దం గోడవైపు తిప్పేశాడు. ఒకరోజు బాజీని పిలిచి, మిగిలిన నాలుగు నాటకాలూ లేవని, ఇంటింటికీ వెళ్లి తన తరఫున క్షమాపణ చెప్పి రమ్మన్నాడు. బాజీ సరేనని తల ఊపి, తిన్నగా వంటింట్లోకి వచ్చి పెద్దమ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఆయన నాటకం మానేస్తే మనిషి మిగలడు. నిజం చెబితే మిగులుతాడో లేదో అదీ తెలీదు. ఏం చెయ్యమంటారు?" అన్నాడు. గొంతు పోయిందని నమ్మనిస్తే ఇలా కుమిలిపోతాడు. నిజం చెబితే, పదేళ్లుగా ఆ గొంతులో ఏమీ లేదని చెప్పినట్టే. పెద్దమ్మ పిసుకుతున్న చింతపండు గిన్నె పక్కన పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పవే రమా. నేను చెబితే మొగుడూ పెళ్లాల గొడవనుకుంటాడు. మాట అందించేదానివి నువ్వేగా" అంది.

పెదనాన్న పెరట్లో మంచం మీద కూర్చుని నమూనా కాయలు చూస్తున్నాడు. నేను ఎదురుగా నిలబడి, గోతాలు దులపడం దగ్గర మొదలుపెట్టి ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. ఆపితే ఏడుస్తానని భయం. ఆయన వింటూ వింటూ చేతిలో ఉన్న కాయని నలిపి, గింజలతో సహా నా ముక్కు దగ్గర పెట్టాడు. నాకు వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి, కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. అదే చెయ్యి తన ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఏమీ కాలేదు. మళ్లీ పీల్చాడు.

"పదేళ్లూనా?" అన్నాడు.

"పదేళ్లూ పెదనాన్నా."

"నువ్వూ దీనికే ఏడ్చేదానివా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "చిన్నప్పుడు గోతం మీద కూర్చున్నన్నాళ్లూ నేనూ అంతే" అన్నాను.

ఆయన కాయ పారేసి పంచెకి చెయ్యి తుడుచుకున్నాడు. "మరెందుకొచ్చేవాళ్లే అందరూ? ముక్కులు మండించుకుంటూ, గచ్చు మీద కూర్చుని, నా మొహం చూడ్డానికి ఎందుకొచ్చేవాళ్లు?" అని అడిగాడు. ఆయనకి అందించడానికి నా దగ్గర మాట లేకపోవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం అద్దం మాత్రం ఇటు తిరిగింది. బాజీని పిలిచి, క్షమాపణలు చెప్పే పని మానేసి పక్కతెరలు సర్దమన్నాడు. ఎందుకు మనసు మార్చుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. ఆ ప్రశ్నకి జవాబు మండపంలోనే దొరుకుతుందనుకుని ఉంటాడని తర్వాత నాకనిపించింది.

రెండో నాటకం నాడు ఒక్క గోతం తగ్గకుండా జనం వచ్చారు. ఇంటర్వెల్ అయ్యాక తెర వెనక నిలబడి ఉంటే బాజీ గొంతు వినిపించింది. "అయ్యా, అమ్మా, అందరూ ఒకసారి గోతాలు విప్పి దులపండి. మేనేజరు సంగతి నేను చూసుకుంటా. ఏంటి చూస్తారు, దులపండి." ఊరంతా కూడబలుక్కున్నారన్నమాట. ఆయన్ని సంతోషపెట్టడానికి తమ కళ్లు తామే మండించుకోవడానికి సిద్ధపడి వచ్చారు. ఇంతలో పెదనాన్న సగం మీసం అంటించుకుని, మిగతా సగం చేత్తో పట్టుకుని తెర తోసుకుని బయటికి వెళ్లాడు. "ఎవరూ దులపొద్దు. మడిచి ఒళ్లో పెట్టుకోండి. ఏడుపు రాకపోతే రానివ్వండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ గోతాలు మడుచుకున్నారు. కొందరు సిగ్గుపడ్డారు కూడా.

ఆ రోజు ఆయన చావు చూసి ఎవరూ ఏడవలేదు. ఆయనా విరామం ఇవ్వలేదు. చెప్పాల్సింది చెప్పి గబగబా చచ్చిపోయాడు. నిజం చెప్పాలంటే అంతకన్నా బాగా ఆయన ఎన్నడూ చావలేదు. తెర పడింది. మళ్లీ లేచింది. పెదనాన్న మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, పంచె దులుపుకుని, జనానికి రెండు చేతులూ జోడించాడు. అప్పుడు ముందు వరసలో కోటేశ్వరరావు ఏడ్చాడు. రుమాలు కూడా తెచ్చుకోలేదు పాపం, చొక్కా చేతికి తుడుచుకుంటూ ఏడ్చాడు. పెదనాన్న ఆయన్ని చూస్తూ నిలబడిపోయాడు. దణ్ణం పెట్టాక 'మీ రాకకు కృతజ్ఞతలు' అని చెప్పాలి. చెప్పలేదు. అందించడానికి నోటి దాకా వచ్చింది గాని ఊరుకున్నాను.

పెదనాన్న వేషం తీస్తుండగా కోటేశ్వరరావు లోపలికి వచ్చాడు. "ఏమయ్యా, ఇవాళ మిర్చి లేదుగా" అన్నాడు పెదనాన్న, కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ. కోటేశ్వరరావు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "మొన్న నేను నవ్వానని మీకు కోపమొచ్చింది శేషయ్యగారూ. మా ఆవిడ పోయాక నవ్వటం అదే మొదలండి. నవ్వొచ్చిందని ఇంటికెళ్లి భయపడ్డా. ఏడుపంటారా, మిర్చి ఉన్నా లేకపోయినా మా అందరి ఇళ్లల్లో ఉండేదే. దానికోసం మీ దాకా ఎందుకొస్తామండి? మీరు చచ్చిపోయి లేచి దణ్ణం పెడతారు చూడండి, దానికోసం వస్తాం. మా ఆవిడా అదే అనేది. ఏడ్చినంతసేపు ఏడ్చి, లేచాడమ్మా పెద్దాయన, పదండి ఇంటికెళ్దాం అనేది. మొన్న మీరు లేవలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలా" అన్నాడు. పెదనాన్న చేతిలో ఉన్న గుడ్డ ఆయనకిచ్చాడు. దానికి రంగూ నూనే ఉన్నాయి. కోటేశ్వరరావు చూసుకోకుండా దానితోనే మొహం తుడుచుకున్నాడు. పెద్దమ్మ చూసి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మొహానికంటిన రంగు తనే తుడిచింది.

తర్వాత మా ఇంట్లో ఒక మార్పు వచ్చింది. అద్దం ముందు చావడం సాధన చేసే మనిషి, లేవడం సాధన చెయ్యడం మొదలుపెట్టాడు. ఎంత మెల్లగా లేవాలి, ముందు ఎవరి వైపు చూడాలి, చేతులు ఎంత ఎత్తున జోడించాలి. "లేచింది చాలు, ఇక కూర్చోండి, అన్నం పెడతాను" అని పెద్దమ్మ కూడా మాట మార్చింది. చావులు మాత్రం తగ్గించలేదు. ఆ తర్వాత రాసిన నాటకాల్లో రెండో అంకంలో ఒకటి, మూడో అంకంలో ఒకటి పెట్టాడు, రెండుసార్లు లేవొచ్చని. ఏడాది తర్వాత గోదాము ఖాళీ అయినా, మండపానికి తరలినవాళ్లం మళ్లీ అటు పోలేదు. మేనేజరు గోతాల సంగతిలో రాజీపడ్డాడు.

ఇప్పుడు ఆ గోదాము ఉన్నచోట కోల్డ్ స్టోరేజీ ఉంది. సరుకు చల్లగా ఏడాది పొడుగునా నిలవుంటుంది, ఖాళీ అయ్యే నెలలే లేవు. ఆ ఊళ్లో ఇప్పుడు నాటకం లేదు. హారిక, ఫణి వేసే నాటకాలు మావాటికన్నా మంచివే అయి ఉంటాయి. వాళ్లు చదువుకున్నారు, దీపాల గురించీ శబ్దం గురించీ వాళ్లు మాట్లాడుకుంటుంటే సగం నాకు అర్థం కాలేదు. మా పెదనాన్న రాసినవి ఈరోజు ఎవరైనా వేస్తే మొదటి అంకానికే లేచి వచ్చేస్తాను, ఇందులో మొహమాటం లేదు. చంకలో గోతంతో వెళ్లడం కన్నా ఫోనుతో వెళ్లడమే సుఖం కూడా. అయితే ఆ గోతం ఒక్కరికి సరిపడా ఉండేది కాదు, సర్దుకుంటే నలుగురు పట్టేవాళ్లు. వీళ్ల పాసు ఒక్కరికే. నాకిప్పుడు ఒక్కటే చాలు కూడా. మా ఆయన పోయి మూడేళ్లయింది. పెద్దమ్మా, పెదనాన్నా, బాజీ, కోటేశ్వరరావు ఎప్పుడో వెళ్లిపోయారు.

పాసు తీసుకున్నాను. నా ఫోనులోకి దాన్ని ఎక్కించడానికి ఫణికి అరగంట పట్టింది. వెళ్లబోతూ హారిక ఒక కాగితం ఇచ్చి, పాసు తీసుకున్నవాళ్లందరినీ అడుగుతున్నామండి, తీరిగ్గా నింపి ఇవ్వండి అంది. పేరు, వయసు, ఏ తరహా నాటకాలిష్టం లాంటివన్నీ ఉన్నాయి. అడుగున ఒక ప్రశ్న, దాని కింద నాలుగు గీతలు. ఈ సీజనులో మీరు మా దగ్గర ఏం ఆశిస్తున్నారు అని. నాలుగు రోజులు ఆ కాగితాన్ని బల్ల మీదే ఉంచుకున్నాను. ఇవాళ పొద్దున కాఫీ తాగి, కళ్లజోడు తుడుచుకుని, మొదటి గీత మీద రాశాను: ఎవరు చచ్చిపోయినా ఆఖర్న లేచి రావాలి.